ఏడు కిలోల సంచి

నా పిహెచ్.డి. నోట్సు పుస్తకాల్లో ఒకదాని చివరి పేజీలో ఒక జాబితా ఉంది. ఆ పుస్తకంలో మిగతా పేజీలన్నీ తెలుగు యాత్రా సాహిత్యం గురించి రాసుకున్నవి. ఎవరు ఏ సంవత్సరంలో ఎక్కడికి వెళ్ళారు, ఏం చూశారు, ఏం చూడకుండా వచ్చేశారు - ఇవన్నీ. చివరి పేజీ మాత్రం 2023 డిసెంబరులో, హైదరాబాదు నుంచి డల్లాసుకి బయల్దేరే ముందురోజు రాత్రి, చేతికందిన పుస్తకం తీసి రాసింది.

డైపర్లు 14. వెట్ వైప్స్ 2 ప్యాకెట్లు. పాలపొడి 6 చిన్న డబ్బాల్లో, ఒక్కో డబ్బాలో ఒక్కో పూటకి సరిపడా. ఖాళీ పాలసీసాలు 3. ఫ్లాస్కు, నీళ్ళు లోపలికెళ్ళాక పోయించుకోవాలి. బాబుకి బట్టలు 3 జతలు, పాపకి 2 జతలు, ఒక్కో జత ఒక్కో జిప్‌లాక్ కవరులో. ఖాళీ కవర్లు, తడి బట్టలకి. జ్వరం మందు, డాక్టరు రాసిచ్చిన చీటీ. మరమరాలు, ఖర్జూరాలు, చపాతీ చుట్టలు. కొత్త రంగు పెన్సిళ్ళు, ఇప్పుడే చూపించకూడదు. ఆకుపచ్చ దుప్పటి ముక్క, అదే, వేరేది కాదు. పాస్‌పోర్టులు, కాగితాలు, పెన్ను.

పాపకి అప్పుడు ఐదేళ్ళు. బాబుకి పద్నాలుగు నెలలు. నా సహచరుడు ఉద్యోగం మీద ముందే వెళ్ళాడు. పిల్లలిద్దరినీ తీసుకుని నేనొక్కదాన్నే వెళ్తున్నాను. గల్ఫ్ దాకా నాలుగు గంటలు, అక్కడ మరో విమానం కోసం ఎదురుచూపులు, తర్వాత పదహారు గంటలు. చేతి సంచి ఏడు కిలోలు దాటకూడదు.

ఈ మధ్య ఒక సెమినార్‌కి పేపరు రాద్దామని పాత నోట్సు తిరగేస్తుంటే ఈ పేజీ కనిపించింది. చింపి పారేయబోయి ఆగాను. నేను పదేళ్ళుగా యాత్రా రచనలు చదువుతున్నాను, వాటిమీదే డాక్టరేట్ తీసుకున్నాను. మరి ఇదేమిటి? ఇది యాత్రా రచన కాదా? కాదని ఎవరు నేర్పారు నాకు?

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నంలో బయల్దేరి, కాశీ వెళ్ళి, 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చారు. సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్‌గా పనిచేసినాయన. పల్లకీ, బోయీలు, గుడారాలు, పెద్ద పరివారం. ఆయన రాసిన 'కాశీయాత్రా చరిత్ర' 1838లో అచ్చయింది. ఏ మజిలీలో దిగడానికి చోటుంది, ఏ ఊళ్ళో అంగళ్ళున్నాయి, ఏ సరుకులు దొరుకుతాయి, ఏ దారి ఎలా ఉంది, ఇవన్నీ ఆయన శ్రద్ధగా రాసిపెట్టారు. మనం దాన్ని సామాజిక చరిత్ర అన్నాం. నిజంగా గొప్ప చరిత్రే. నా థీసిస్‌లో దానికొక అధ్యాయమే కేటాయించాను.

అయితే ఇప్పుడు ఆలోచిస్తే, ఆయన రాసినవాటిలో చాలా భాగం సరంజామా గురించే కదా! ముందు మజిలీలో ఏమీ దొరకదు కాబట్టి ఈ మజిలీలోనే సిద్ధం చేసుకోవాలన్న వివేకమే కదా! గల్ఫ్‌లో దిగాక వేణ్ణీళ్ళు ఎక్కడ దొరుకుతాయి, పిల్లకి బట్టలు మార్చే గది ఎక్కడుంది, ఏ ద్వారం దగ్గర తోపుడుబండి తిరిగిస్తారు అని ఒక తల్లి రాస్తే మాత్రం అది చరిత్ర కాదు. ఆదివారం అనుబంధంలో మహిళల పేజీలో, వంకాయ కూరకీ జుట్టు రాలడానికీ మధ్య, 'చిట్కాలు' అవుతుంది. ఒకే రకమైన జ్ఞానం. పురుషుడి కలం నుంచి వస్తే దేశ వృత్తాంతం, స్త్రీ చేతి నుంచి వస్తే ఇంటిపని.

మన స్త్రీలు యాత్రలు రాయలేదని కాదు. ఇంగ్లండు వెళ్ళొచ్చిన పోతం జానకమ్మ పుస్తకం 1876లోనే మద్రాసులో అచ్చయింది. నాయని కృష్ణకుమారి 'కాశ్మీర దీపకళిక' మనకి తెలిసిందే. నేను మాట్లాడుతున్నది వాళ్ళ గురించి కాదు, మన విమర్శ గురించి, ముఖ్యంగా నా గురించి. నా థీసిస్‌లో 'యాత్రికుడి చూపు', 'యాత్రికురాలి చూపు' అనే మాటలు ఎన్నిసార్లు వాడానో లెక్కలేదు. 'యాత్రికురాలి చేతులు' అని ఒక్కచోటా రాయలేదు. ప్రయాణమంటే చూడటం అనుకున్నాను. ఆ చూసేవాళ్ళకి కళ్ళు ఖాళీగా ఉండాలంటే ఎవరో ఒకరి చేతులు నిండి ఉండాలి కదా అన్న ఆలోచన, పిల్లలు పుట్టి నా చేతులే నిండిపోయేదాకా రాలేదు.

మా అమ్మ గుర్తొస్తోంది. నా చిన్నప్పుడు వరంగల్ నుంచి తిరుపతికి కృష్ణా ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళేవాళ్ళం. అమ్మ చేతిలో తను అల్లుకున్న వైరు బుట్ట ఉండేది. ఎరుపూ తెలుపూ గళ్ళది. అందులో మరచెంబు నిండా నీళ్ళు, పులిహోర గిన్నె, అరిటాకు ముక్కలు, తడిగుడ్డ, అమృతాంజనం, వాంతులొస్తే నిమ్మకాయ, పాత చీర ముక్కలు, సూదీ దారం కూడా. నాన్న కిటికీ పక్కన కూర్చుని మాకు కృష్ణమ్మని చూపించేవాడు. బ్యారేజీ ఎప్పుడు కట్టారో చెప్పేవాడు. తర్వాత స్కూల్లో 'నా రైలు ప్రయాణం' అని వ్యాసం రాయమంటే నేను నదినీ, బ్యారేజీనీ, నాన్న చెప్పిన సంవత్సరాన్నీ రాశాను. బుట్ట గురించి రాయలేదు. బుట్ట గురించి రాయడానికేముంది? ఆ ప్రయాణాల్లో మాకెప్పుడూ ఏమీ కాలేదు. ఆకలేస్తే అన్నం వచ్చింది. దాహమేస్తే చెంబు మూత విప్పుకుంది. అన్నీ వాటంతటవే జరిగిపోయాయి.

ఇక్కడే ఉంది అసలు చిక్కు. మన కథలకి సంఘటన కావాలి. ఏదో జరిగితేనే కథ. తల్లి సర్దిన సంచి పనేమో ఏమీ జరగకుండా చూడటం. అది ఎంత బాగా పనిచేస్తే అంత కనపడకుండా పోతుంది. సంచి విఫలమైనప్పుడు మాత్రమే తల్లి కథలోకి వస్తుంది, అదీ 'మరిచిపోయిన తల్లి'గా.

ఉర్సులా లె గ్విన్ 1986లో 'ద క్యారియర్ బ్యాగ్ థియరీ ఆఫ్ ఫిక్షన్' అనే వ్యాసం రాసింది. ఎలిజబెత్ ఫిషర్ 1979లో 'ఉమన్స్ క్రియేషన్' అనే పుస్తకంలో చేసిన ప్రతిపాదన దానికి ఆధారం. మనిషి చేసుకున్న తొలి పనిముట్లలో ముందుగా చెప్పుకోవలసింది ఈటె కాదనీ, ఏరుకున్న గింజలూ కాయలూ ఉంచుకునే సంచీ, బిడ్డని కట్టుకునే ఉయ్యాల లాంటి గుడ్డా అయివుంటాయనీ ఫిషర్ అంటుంది. లె గ్విన్ దీన్ని కథనానికి అన్వయించింది. వేటగాడి కథ ఈటెలా సూటిగా దూసుకెళ్తుంది, దానికి వీరుడు కావాలి, రక్తం కావాలి. నవల మాత్రం సంచిలాంటిది, రకరకాల వస్తువులు ఒకదానికొకటి ఆనుకుని ఉండే చోటు అంటుంది. ఎం.ఫిల్. రోజుల్లో ఇది చదివి పొంగిపోయాను. ఎవరికి వాళ్ళం మా సంచులు తడుముకున్నట్టయింది క్లాసులో ఉన్న ఆడపిల్లలందరికీ.

ఇప్పుడు ఏడు కిలోల సంచి సర్దాక నాకొక సందేహం. సంచి బావుంది. దాన్ని ఎవరు సర్దుతారు? లె గ్విన్ సంచిలోకి వస్తువులు బయటినుంచి, అడవినుంచి వస్తాయి. తిరిగొచ్చాక పంచుకోవడం కోసం వస్తాయి. ఏరుకోవడంలో ఒక స్వేచ్ఛ ఉంది, దొరికినదాన్ని చూసి సంబరపడటం ఉంది. నా సంచి అలాంటిది కాదు. అందులో దొరికినవి లేవు, భయపడినవి ఉన్నాయి. నా జాబితాని ఇంకోసారి చదవండి. దానికొక వ్యాకరణం ఉంది. ప్రతి వస్తువు వెనకా ఒక 'తే' ఉంది. కక్కితే, ఏడిస్తే, జ్వరమొస్తే, విమానం ఆలస్యమైతే, రెండో విమానం అందకపోతే. డైపర్లు పద్నాలుగెందుకంటే ప్రయాణానికి పది చాలు, మిగతా నాలుగూ ఆ 'తే'కి. చాలా నవలలు జరిగినదాన్ని చెప్తాయి. ఈ సంచి జరగబోయే ఇరవై గంటలని వంద రకాలుగా ఊహించి, వందకీ జవాబు పెట్టుకుంటుంది. ఇంత కల్పనాశక్తి పెట్టే పనిని మనం 'సర్దుకోవడం' అంటున్నాం. 'సర్దుకోవడం' అనే మాటకి మన భాషలో, ముఖ్యంగా ఆడవాళ్ళ విషయంలో, ఇంకో అర్థం కూడా ఉందని నేను చెప్పక్కర్లేదు.

సారా రడ్డిక్ 1989లో వచ్చిన 'మెటర్నల్ థింకింగ్' పుస్తకంలో, బిడ్డ తల్లిని మూడు కోరుతుందంటుంది: తనని కాపాడటం, ఎదగనివ్వడం, లోకం ఒప్పుకునే మనిషిగా తీర్చడం. నా సంచిని ఈ మూడు అరలుగా విప్పి చూశాను.

మొదటి అర నిండా శరీరం. విమానం లోపలి గాలి ఒత్తిడి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండమీద ఉన్నట్టు ఉంటుంది. గాలి బాగా పొడిగా ఉంటుంది. కిందికి దిగేటప్పుడు చెవులు పూడుకుపోతాయి. పెద్దవాళ్ళం ఆవలిస్తాం, గుటకేస్తాం. పసిపిల్లలకి అది తెలీదు కాబట్టి దిగేటప్పుడు పాలు పట్టాలి, లేదా చప్పరించడానికి ఏదైనా ఇవ్వాలి. అందుకని ఒక పూట పాలు చివరిదాకా దాచాలి. ఇది ఒక శాస్త్రం. దీన్ని నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు, పైఫ్లాటులో ఉండే ఆవిడ చెప్పింది.

రెండో అర చిన్నది. రంగు పెన్సిళ్ళు, స్టిక్కర్లు, ఒక బొమ్మల పుస్తకం. కొత్త వస్తువుని ముందే చూపిస్తే విమానం ఎక్కేసరికి పాతబడిపోతుంది. కాబట్టి గంటకొకటి చొప్పున తీయాలి. కథ నడపడం తెలిసినవాళ్ళకి ఇది కొత్త కాదు.

మూడో అరని చూసి నేనే ఆశ్చర్యపోయాను. సగానికి పైగా అదే. మరమరాలు బాబు ఆకలికి కాదు, బాబు నోరు ఊరుకోవడానికి. ఆకుపచ్చ దుప్పటి నిద్రకి ఎంతో, ముందు సీటాయన తల తిప్పి చూడకుండా ఉండటానికీ అంతే. పిల్లల్ని తీసుకుని విమానంలోకి అడుగుపెట్టగానే ఆ నడవలో రెండువైపుల నుంచీ వచ్చే చూపులు మీలో చాలామందికి అనుభవమే. 'మా పక్కన కాదు కదా' అన్న చూపు. కొన్నిచోట్ల తల్లిదండ్రులు చుట్టుపక్కల ప్రయాణికులకి చెవుల్లో పెట్టుకునే దూదుండలూ, మిఠాయిలూ, ముందుగానే క్షమాపణ చీటీలూ పంచారని వార్తలు చదివాం. మెచ్చుకుంటూ రాశారు వాటిని! బిడ్డ ఏడవడం బిడ్డ పని. దానికి తల్లి ముందస్తు అపరాధ రుసుము కట్టాలి. మగాడొకడు పక్కవాళ్ళ భుజంమీద పడి గురకపెట్టి నిద్రపోతే ఎవరూ చీటీలు పంచరు. రడ్డిక్ చెప్పిన మూడో కోరిక బిడ్డది కాదు, లోకానిదని నాకనిపిస్తుంది. బిడ్డ గొంతుతో లోకం అడుగుతోంది.

ఇక బిడ్డ తండ్రి సంగతి. మా ఆయన మంచివాడే. ఆ పదిరోజులూ రోజూ ఫోన్ చేసి "ఏమైనా కావాలా, నేను చేయాల్సింది ఉంటే చెప్పు" అనేవాడు. ఆ 'చెప్పు' దగ్గర నాకు ఏడుపొచ్చేది, ఎందుకో తెలిసేది కాదు. ఎలిసన్ డామింజర్ అనే సామాజిక శాస్త్రవేత్త 2019లో ముప్ఫైఅయిదు జంటలతో మాట్లాడి రాసిన పరిశోధనా వ్యాసం చదివాక తెలిసింది. ఇంటి గురించి ఆలోచించే పనిని ఆమె నాలుగుగా విడగొట్టింది. అవసరాన్ని ముందే ఊహించడం, దానికి మార్గాలు వెతకడం, ఏదో ఒకటి నిర్ణయించడం, అది సరిగా జరిగిందో లేదో కనిపెట్టుకుని ఉండటం. నిర్ణయించే దగ్గర మగవాళ్ళు బాగానే పాలుపంచుకుంటారు. మొదటిదీ చివరిదీ ఎక్కువగా ఆడవాళ్ళ మీదే పడతాయి. మా ఇంట్లోనూ సరిగ్గా అంతే. నీలం సంచా, నల్ల సంచా అని నేనడిగితే ఆయన నల్లది అన్నాడు. ఆ ఒక్క ప్రశ్న అడిగే స్థితికి రావడానికి నేను పడ్డ ఆలోచన మాత్రం లెక్కలోకి రాలేదు. చెప్పడమే ఒక చాకిరీ అని చెప్పడానికి కూడా మళ్ళీ నేనే కావాలి.

ఇంతవరకూ నా వాదం సాఫీగానే సాగింది. ఇంత వాదం చేసిన నేను ఆ విమానంలో ఏం చేశానో కూడా చెప్పాలి.

గల్ఫ్‌లో దిగడానికి ఇరవై నిమిషాలుందనగా, నేర్చుకున్న శాస్త్రం ప్రకారం, బాబుకి పాలు పట్టాను. వాడు సీసా మొత్తం తాగాడు, ఒక్క క్షణం నా మొహంలోకి చూశాడు, మొత్తం నామీద కక్కేశాడు. మెడనుంచి ఒళ్ళోకి. వాడి బట్టలు మూడు జతలున్నాయి. పాపవి రెండున్నాయి. తడిబట్టలకి కవర్లున్నాయి. నాకేమీ లేదు. ఒక్క చున్నీ కూడా అదనంగా లేదు. సీటు బెల్టు దీపం వెలుగుతోంది, లేవడానికి లేదు. ఇంకా పదహారు గంటల ప్రయాణం ఉంది. ముందు సీటాయన చెయ్యి ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. నాకు అవమానంతో చెవులు వేడెక్కాయి. జాబితాలో నేను లేనన్న సంగతి అప్పుడు తెలిసింది నాకు.

పక్కసీటులో నలభై ఏళ్ళు ఉండొచ్చు ఒకావిడ, అంతవరకూ కళ్ళు మూసుకుని కూర్చున్నది, తన చేతిసంచి తెరిచి తువ్వాలు తీసింది. "బాబుని ఇటివ్వండమ్మా, మీరు తుడుచుకోండి" అంది. కోనసీమ మాట. కువైట్‌లో ఒక ఇంట్లో వంటపని, పిల్లల పని చేస్తోందట. సెలవుకి వచ్చి వెళ్తోంది. దిగాక నాతోపాటే బాత్రూము దాకా వచ్చింది. తన సంచి జిప్పు తీయగానే అన్నిటికన్నా పైన మడతపెట్టి ఉన్న కాటన్ టాపు తీసి ఇచ్చింది. పసుపు రంగుది.

"వద్దక్కా, మీకు కావాలి కదా" అన్నాను.

"ఫర్వాలేదండి. నాకిప్పుడు ఆ అవసరం లేదు. అలవాటైపోయి పెడతానంతే" అంది. తర్వాత, బాబు మొహం కడుగుతూ, నావైపు చూడకుండానే చెప్పింది. "మొదటిసారి వెళ్ళినప్పుడు చంటోడికి పదినెలలండి. పాలు మాన్పించే వచ్చాను గానీ ఆగలేదు. విమానంలో జాకెట్టంతా తడిసిపోయింది. మార్చుకుందామంటే చేతిలో ఏమీ లేదు. కొంగు కప్పుకుని కూర్చున్నాను. అప్పట్నుంచీ పైనే ఒకటి ఉంచుకుంటానండి."

వాడికిప్పుడు తొమ్మిదేళ్ళట. అమ్మమ్మ దగ్గర పెరుగుతున్నాడట.

2006 ఆగస్టు 10న, లండన్ నుంచి బయల్దేరే విమానాల్లో ద్రవరూప పేలుడు పదార్థాలు పెట్టే కుట్ర బయటపడిందని, బ్రిటన్ విమానాశ్రయాల్లో ఒక్కసారిగా చేతి సంచులే బంద్ చేశారు. పారదర్శకమైన ప్లాస్టిక్ కవరులో అత్యవసరమైనవి మాత్రమే తీసుకెళ్ళాలి. పసిబిడ్డ పాలకి అనుమతి ఉంది, కాని వెంట ఉన్నవాళ్ళు అధికారుల ముందు ఆ పాలు రుచి చూడాలి. తర్వాత నిబంధనలు సడలి, వంద మిల్లీలీటర్ల లెక్క స్థిరపడింది. బిడ్డ పాలకి మాత్రం చాలాచోట్ల ఆ లెక్కలోంచి మినహాయింపు ఇచ్చారు. బిడ్డ పాలు నేరం కావని తల్లి తాగి రుజువు చేయడం గురించి నేను ఒక వ్యాసంలో కోపంగా రాశాను కూడా. ఇప్పుడు ఆవిడ మాట విన్నాక నా కోపం ఎంత చిన్నదో తెలిసింది. సీసాలో పాలకి నిబంధన ఉంది, మినహాయింపు ఉంది, వాదించడానికి నాలాంటివాళ్ళున్నారు. బిడ్డని వదిలి ఎదుటివాళ్ళ పిల్లల్ని పెంచడానికి వెళ్తున్న తల్లి రొమ్ములో ఆగని పాలకి ఏ నిబంధనలోనూ మాట లేదు. ఆ పాలు ఏ కవరులోనూ పట్టవు.

పిల్లలతో ప్రయాణించే తల్లి సంచి గురించి ఇంత సిద్ధాంతం చేశాను కదా. హైదరాబాదు నుంచి గల్ఫ్ వెళ్ళే ఆ విమానాల్లో, నాలా పిల్లల్ని వెంటబెట్టుకుని అమెరికా వెళ్ళేవాళ్ళమూ, పిల్లల్ని వదిలి కువైట్ వెళ్ళే కోనసీమ, కడప స్త్రీలూ పక్కపక్కనే కూర్చుంటాం. ఏడు కిలోల లెక్క ఇద్దరికీ ఒకటే. నా సంచిలో బిడ్డ ఎంతగా నిండి ఉన్నాడంటే నాకు చోటులేదు. ఆవిడ సంచిలో బిడ్డ లేడు, అయినా అందులో అన్నిటికన్నా పైనున్న బట్ట బిడ్డ కోసమే. తల్లిపనిలో ఉన్న అణచివేత గురించి మాట్లాడేటప్పుడు, ఆ పనిని సొంత బిడ్డకి చేసుకునే అవకాశం కూడా ఒక సౌకర్యమేనన్న సంగతి మనలాంటి చదువుకున్న స్త్రీల విమర్శలో ఎక్కడుంది? సంచి సిద్ధాంతం చేసిన లె గ్విన్‌ని 'ఎవరు సర్దుతారు' అని అడిగాను. నన్ను నేను 'ఎవరి సంచి' అని అడుక్కోలేదు.

పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథ మీరందరూ చదివే ఉంటారు. ఇల్లు అలికి అలికి తన పేరే మరిచిపోయిన గృహిణి కథ. ఆమె పేరు కోసం వెతుక్కుంటూ తిరుగుతుంది, చివరికి చిన్ననాటి స్నేహితురాలు పేరుపెట్టి పిలిస్తే గుర్తొస్తుంది. ఆ కథని నేను నాలుగేళ్ళపాటు డిగ్రీ విద్యార్థినులకి పాఠం చెప్పాను. ఒక స్త్రీని ఇంకో స్త్రీ పేరుపెట్టి పిలవడం ఎంత రాజకీయమో బోర్డు మీద రాసి మరీ చెప్పాను.

పోయిన వేసవిలో మళ్ళీ ప్రయాణం వచ్చింది. ఈసారి జాబితాలో మొట్టమొదట 'నాకు ఒక జత' అని రాసుకున్నాను. ఆ పసుపు టాపునే మడిచి అన్నిటికన్నా పైన పెట్టాను. పాపకిప్పుడు చదవడం వచ్చు. జాబితా చూసి, టాపు తీసి ఒంటికి ఆనించుకుని, "అమ్మా, ఇది నీది కాదు కదా, ఎవరిది?" అని అడిగింది.

విమానంలో తమ్ముడు కక్కితే ఒక అక్క ఇచ్చిందని చెప్పాను.

"ఆ అక్క పేరేంటి?"

నాకు తెలీదు. అరగంట నా బిడ్డని ఎత్తుకుంది, తన బట్ట నాకిచ్చింది, ఎవరికీ చెప్పుకోని మాట నాతో చెప్పింది. కృతజ్ఞతలు చెప్పాను, ఏ ద్వారం దగ్గరికి వెళ్ళాలో బోర్డులు చదివి చెప్పాను. పేరు మాత్రం అడగలేదు. ఆవిడ నన్ను అమ్మా అంది, నేను ఆవిడని అక్కా అన్నాను. చుట్టరికపు పిలుపులు ఎంత దగ్గర చేస్తాయో, అంత సులువుగా పేరుని మింగేస్తాయి కూడా.

సెమినార్ పేపరు ఇంకా పూర్తికాలేదు. వీరాస్వామయ్య అధ్యాయాన్ని తిరగరాస్తున్నాను. ఆ పరివారంలో గిన్నెలు మోసినవాళ్ళ, వండినవాళ్ళ, గుడారాలు విప్పి కట్టినవాళ్ళ పేర్లు ఎన్ని మన దాకా వచ్చాయి అన్న ప్రశ్నతో మొదలుపెట్టాను. మీ ఇళ్ళలో, మీ పాత పుస్తకాల చివరి పేజీల్లో ఇలాంటి జాబితాలుంటే చింపకండి. అమ్మ రాసినవి, అత్తగారు రాసినవి, పనికి దూరదేశం వెళ్ళినవాళ్ళు రాసుకున్నవి. మందుల చీటీ వెనక రాసినా సరే. వాటిని చదవడం మనం ఇంకా నేర్చుకోవాలి. నేనైతే ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాను, మా అమ్మాయి అడిగే ప్రశ్నలతో.